రిపోర్టులో 100 వచ్చింది, పరిమితి 115. పాసైనట్టేనా?

ఊకతో నడిచే బాయిల్డ్ రైస్ మిల్లు ఒకటి అనుకుందాం. మిర్యాలగూడ వైపు వెళ్తే ఇలాంటివి వరసగా కనిపిస్తాయి. గంటకు నాలుగైదు టన్నుల ఆవిరి ఇచ్చే బాయిలర్, మీటరు వ్యాసంతో 30 మీటర్ల చిమ్నీ. సీఎఫ్‌ఓ (మిల్లు నడుపుకోవడానికి కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చే అనుమతి) ఆర్డర్‌లో ధూళి పరిమితి నార్మల్ ఘనపు మీటరుకు (అంటే 25 డిగ్రీలకు మార్చి, తేమ తీసేసి లెక్కగట్టిన ఘనపు మీటరుకు) 115 మిల్లీగ్రాములు. మన దగ్గర బాయిలర్ల కన్సెంట్లలో ఈ అంకె తరచూ కనిపించేదే. ల్యాబ్ రిపోర్టులో 100 వచ్చింది. మిల్లు యజమానికి అంతకన్నా ఏం కావాలి? కానీ నియంత్రణ మండలి ఇంజనీరు పని ఆ 100 ఎలా పుట్టిందో అడగడంతో మొదలవుతుంది. చిమ్నీ శాంప్లింగ్‌లో జరిగే పొరపాట్లలో చాలా భాగం అంకెను తగ్గించేవే.

ముందు పోర్ట్ హోల్, అంటే పొగ లాగే గొట్టాన్ని (ప్రోబ్) లోపలికి పెట్టే కన్నం, ఎక్కడుందో చూడాలి. కింద డక్ట్ (బాయిలర్ పొగను తెచ్చే గొట్టం) వచ్చి కలిసిన చోటు నుంచి వ్యాసానికి 8 రెట్లు పైన, చిమ్నీ కొస నుంచి 2 రెట్లు కింద ఉండాలన్నది నియమం. మన చిమ్నీలో డక్ట్ 3 మీటర్ల ఎత్తులో కలిస్తే, పోర్ట్ 11 మీటర్లకూ 28 మీటర్లకూ మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. నిచ్చెన ఎక్కే బాధ లేకుండా ఐదు మీటర్ల దగ్గరే కన్నం పెట్టిస్తే అక్కడ పొగ ఇంకా సుడి తిరుగుతూనే ఉంటుంది, ధూళి ఒక గోడవైపే పోతుంది. కన్నాలు రెండు కావాలి, ఒకదానికొకటి 90 డిగ్రీల్లో. ఒక్కో వ్యాసం మీద ఆరు చొప్పున 12 పాయింట్లలో శాంపిల్ తీయాలి. మీటరు వ్యాసానికి అవి లోపలి గోడ నుంచి 4.4, 14.6, 29.6, 70.4, 85.4, 95.6 సెంటీమీటర్లు. ప్రోబ్ మీద టేపుతో గుర్తులు పెట్టేటప్పుడు పోర్ట్ గొట్టం పొడవును కూడా కలపాలి. ఇది మరిచిపోయి పాయింట్లన్నీ ఒక పక్కకు జరిగిపోవడం మామూలే. నడుమ ఒక్క చోటే ప్రోబ్ నిలబెట్టి అరగంట లాగేస్తే అది శాంప్లింగ్ కాదు.

అసలు కిటుకంతా నాజిల్ (ప్రోబ్ కొసన ఉండే సన్న మూతి) దగ్గర ఉంది. చిమ్నీలో పొగ ఎంత వేగంతో వెళ్తోందో, నాజిల్‌లోకీ అంతే వేగంతో పోవాలి. దీన్నే ఐసోకైనెటిక్ అంటారు. 90 నుంచి 110 శాతం లోపల ఉంటే ఒప్పుకుంటారు. అంతకన్నా మెల్లగా లాగితే పొగ నాజిల్ పక్కనుంచి తప్పుకుపోతుంది గానీ బరువైన రేణువులు ఉన్న ఊపులో తిన్నగా లోపలికొచ్చేస్తాయి. అంకె పెరుగుతుంది. వేగంగా లాగితే చుట్టుపక్కల పొగ కూడా వంగి లోపలికొస్తుంది, దానిలోని బరువు రేణువులు వంగలేక బయటే ఉండిపోతాయి. అంకె తగ్గుతుంది. పంపు నాబ్ కొంచెం ఎక్కువ తిప్పితే రిపోర్టు అందంగా వస్తుందన్నమాట.

లెక్క కట్టి చూద్దాం. పొగ 150 డిగ్రీలు, వేగం సెకనుకు 10 మీటర్లు. ఈ వేగానికి ఎస్ టైపు పిటాట్ ట్యూబ్ (పొగ వేగాన్ని పీడనాల తేడాతో కొలిచే గొట్టం) చూపించే తేడా సుమారు 6 మిల్లీమీటర్ల నీటి మట్టమే. దాన్ని 5 అని చదివితే వేగం 9 శాతం దాకా తప్పుతుంది. అందుకే ఆ తేడాను చదవడానికి వాలు మానోమీటర్ వాడాలి, నిలువుది పనికిరాదు. పావు అంగుళం నాజిల్‌కి ఈ వేగంలో నిమిషానికి 19 లీటర్లు పోవాలి. కానీ పంపు లాగే గాలిని కొలిచే రోటామీటరు దగ్గరికి వచ్చేసరికి పొగ 35 డిగ్రీలకు చల్లారుతుంది కాబట్టి అక్కడ 13.8 లీటర్లే. పొగలో 10 శాతం తేమ ఉంటే అది మధ్యలో ఉండే ఇంపింజర్లలో (తేమను పట్టే సీసాల్లో) ఆగిపోతుంది, మిగిలేది 12.4. రోటామీటరులో వాక్యూమ్ ఎంతుందో చూసి దానికీ సవరణ చేయాలి, అది ఇక్కడ వదిలేశాను. ఇవేవీ పట్టించుకోకుండా రోటామీటరును 19 మీద పెట్టినవాళ్లు ఒకటిన్నర రెట్ల వేగంతో లాగుతున్నట్టు.

40 నిమిషాలకు 12.4 చొప్పున 496 లీటర్లు. 25 డిగ్రీలకు మారిస్తే 480 లీటర్లు, అంటే 0.48 నార్మల్ ఘనపు మీటరు. ధూళిని పట్టే వడపోత గొట్టం, అంటే థింబుల్, బరువు 48 మిల్లీగ్రాములు పెరిగింది. 48ని 0.48తో భాగిస్తే 100. ఇదీ ఆ రిపోర్టులోని 100.

ఆ 48 కూడా తేలిగ్గా చెడిపోతుంది. థింబుల్‌ని ఓవెన్‌లో ఆరబెట్టి, డెసికేటర్‌లో (తేమ చేరని మూత పాత్రలో) చల్లార్చి తూయాలి. వర్షాకాలంలో బయట పది నిమిషాలుంచితే గాలిలోని తేమకే మిల్లీగ్రాములు మారిపోతాయి. హోల్డర్‌ని గట్టిగా బిగిస్తే అంచు పీచు ఊడి అక్కడే అతుక్కుంటుంది, బరువు తగ్గుతుంది. నాజిల్‌లో, వంపులో పేరుకున్న ధూళిని కూడా దులిపి లెక్కలో కలపాలి. చాలామంది ఫీల్డ్ ల్యాబ్‌లవాళ్లు వదిలేసేది ఇదే. ఇక లీకేజీ. నాజిల్ మూసి పంపు నడిపితే రోటామీటరు బిళ్ల కిందికి దిగిపోవాలి. దిగలేదంటే థింబుల్ తర్వాత ఎక్కడో బయటి గాలి కలుస్తోంది. 12.4లో 3 లీటర్లు అలా వస్తే, ధూళి లేని గాలిని కూడా పొగ కింద కట్టి దాదాపు నాలుగోవంతు తగ్గించి చూపించినట్టవుతుంది.

ఇవన్నీ సరిగ్గా చేశారనే అనుకుందాం. ఇంకా ఒక మెట్టు ఉంది. బాయిలర్ల ధూళి పరిమితిని 12 శాతం కార్బన్ డయాక్సైడ్‌కు సరిచేసి చూడాలి. మన చిమ్నీలో అది 6 శాతమే ఉంది. 100 ఇంటూ 12 భాగం 6, అంటే 200. పాసైన రిపోర్టు ఫెయిలైంది. ఈ సవరణ లేకపోతే ఎవరైనా ఇంకో ఫ్యాన్ పెట్టి బయటి గాలి కలిపి ఏ పరిమితినైనా దాటకుండా ఉండగలరు. రిపోర్టులో కార్బన్ డయాక్సైడ్ గడి ఖాళీగా ఉంటే దాన్ని వెనక్కి పంపాల్సిందే. ఇక్కడ ఇంకో చిక్కు: చేతిలో పట్టుకునే అనలైజర్లు చాలావరకు ఆక్సిజన్‌నే కొలిచి, ఇంధనం సెట్టింగ్‌ని బట్టి కార్బన్ డయాక్సైడ్‌ని లెక్కగట్టి చూపిస్తాయి. ఊక కాలుతుంటే సెట్టింగ్ డీజిల్ మీద ఉందేమో చూడండి.

6 శాతానికి ఎందుకు పడిపోయింది? ఫర్నేస్ తలుపు తీసి ఉంచడం ఒక కారణం. అంతకన్నా చెడ్డది మల్టీసైక్లోన్ (పొగను గిర్రున తిప్పి ధూళిని వేరుచేసే పరికరం) హాపర్, అంటే బూడిద పడే గరాటు, కింద రోటరీ ఎయిర్‌లాక్ (బూడిదను వదులుతూ గాలిని ఆపే తిరిగే తలుపు) అరిగిపోవడం. పొగను చిమ్నీలోకి లాగే ఐడీ ఫ్యాన్ లాగుడుకి లోపల వాక్యూమ్ ఉంటుంది కాబట్టి ఆ సందులోంచి గాలి పైకి ఎగదన్నుతుంది, కిందికి దిగిన బూడిదను మళ్లీ లేపి చిమ్నీలోకి పంపుతుంది. పొగ పలచబడుతుంది, సైక్లోన్ పని కూడా చెడుతుంది. హాపర్ కింద పలచటి కాగితం పట్టుకుంటే అది అతుక్కుపోతుంది, వేరే పరికరం అక్కర్లేదు. పైగా సైక్లోన్ బాగున్నా సన్న రేణువులు దానికి దొరకవు. 115కి దిగాలంటే చాలాచోట్ల బ్యాగ్ ఫిల్టర్ (పొగను గుడ్డ సంచుల గుండా వడపోసేది) తప్పదు. ఊకతో బ్యాగ్ ఫిల్టర్ అంటే నిప్పురవ్వల భయం, అందుకే ముందు సైక్లోన్ ఉంచాలి. పాలిస్టర్ బ్యాగులు 130 డిగ్రీలకు మించి తట్టుకోవు, 150 డిగ్రీల పొగకు వేరే గుడ్డ ఎంచుకోవాలి. బాయిలర్ చల్లగా ఉన్నప్పుడే పొగ పంపిస్తే తేమ పట్టి బూడిద అట్టకడుతుంది. డీపీ గేజ్ (బ్యాగులకు రెండు వైపులా పీడనాల తేడా చూపేది) పెరిగిపోతుంటే బ్యాగులు మూసుకుపోతున్నట్టు, హఠాత్తుగా పడిపోతే చిరిగినట్టు.

శాంపిల్ తీసేటప్పుడు బాయిలర్ మీద ఎంత లోడ్ ఉందో కూడా రాసుకోవాలి. ధాన్యం ఉడికే సమయంలో తీసిన శాంపిల్‌కీ, డ్రైయర్ ఒక్కటే నడుస్తుండగా తీసినదానికీ పోలిక లేదు. ఇక 1981 వాయు చట్టం 26వ సెక్షన్: నోటీసు ఇవ్వాలి, యజమాని లేదా అతని మనిషి ఎదుట సీలు వేసి ఇద్దరూ సంతకాలు చేయాలి. ఆ పద్ధతి తప్పితే శాంపిల్ ఫలితం కోర్టులో నిలబడదు.

చివరగా బూడిద లెక్క. దీనికి మెట్లెక్కక్కర్లేదు, కాలిక్యులేటర్ చాలు. ఈ చిమ్నీలో గంటకు సుమారు 17,900 నార్మల్ ఘనపు మీటర్ల పొగ పోతోంది. 6 శాతం కార్బన్ డయాక్సైడ్ అంటే గంటకు దాదాపు 1.4 టన్నుల ఊక కాలుతున్నట్టు. 24 గంటలకు 33 టన్నులు. ఊకలో బూడిద ఇంచుమించు ఐదో వంతు, కాబట్టి రోజుకు ఆరున్నర టన్నుల దాకా రావాలి. రిపోర్టులోని 100 నిజమైతే చిమ్నీ నుంచి పోయేది 43 కిలోలే, మిగతాదంతా ఇటుక బట్టీలకో, వేరే చోటికో ట్రాక్టర్లలో వెళ్లి ఉండాలి. వేబ్రిడ్జి చీటీల్లో నాలుగున్నర టన్నులే ఉన్నాయనుకోండి. మిగతా రెండు టన్నులూ పొగతో పోయి ఉంటే అది 100 కాదు, 4,600కి పైనే. బాయిలర్ రోజంతా నడవలేదని మిల్లువాళ్లు అంటే ఫీడ్‌వాటర్ మీటర్ రీడింగులు, ఐడీ ఫ్యాన్ కరెంటు లెక్క తెప్పించుకోండి.