పది నెలలు చుక్క ముట్టనోణ్ణి

నేను పైప్ వెల్డర్ని. ఊరు గాజువాక, కూడు కువైట్‌ది. పది నెలలు అక్కడ, రెండు నెలలు ఇక్కడ. కువైట్‌లో మద్యం నిషేధం. దొంగచాటు సరుకు జోలికి నేనెప్పుడూ పోలేదు. 2025 ఆగస్టులో అలాంటిదే, మిథనాల్ కలిసింది తాగి 23 మంది పోయారు. అందుకే మా ఆవిడ ఏమన్నా నా జవాబు ఒకటే: "పది నెలలు చుక్క ముట్టనోణ్ణి, తాగుబోతునెలా అవుతానే?"

మొదటి సెలవులో క్వార్టర్ చాలేది. మూడో సెలవుకి హాఫ్ వేసినా ఎక్కేది కాదు. సీసా స్కూటర్ డిక్కీలో ఉండేది. పొద్దున్నే చేతులు వణికితే టిఫిన్‌కి ముందే ఓ గుక్క. వణుకు ఆగిపోయేది. మందుకి మందే మందు అని నవ్వుకునేవాణ్ణి.

ఆ సెలవు అయ్యి కువైట్‌లో దిగిన మర్నాడు టిగ్ వెల్డింగ్ టార్చ్ పట్టుకుంటే చెయ్యి నిలవలేదు. టంగ్‌స్టన్ ముల్లు లోహానికి తగిలిందా, జాయింట్ పాడే. రూట్ రన్, అంటే జాయింట్ అడుగున మొదటి వరస, వేసేటప్పుడు ఊపిరి కూడా బిగబడతాం. ఆ రోజు చేసిన రెండు జాయింట్లు ఎక్స్‌రేలో రిపేర్ వచ్చాయి. నిద్ర లేక అలా అయిందన్నాను. రాత్రంతా చెమటలు, గుండె దడ. రెండో రాత్రి ఫిట్స్ వచ్చాయట, నాకు గుర్తులేదు. మా గదిలో ఉండే సోంపేట మావయ్య నన్ను పక్కకి తిప్పి పడుకోబెట్టి అంబులెన్స్ పిలిచాడు.

రోజూ తాగే ఒంటికి ఒక్కసారిగా ఆపేస్తే కొన్ని గంటల్లోనే వణుకు మొదలవుతుందని, రెండు రోజుల్లోపు ఫిట్స్ రావచ్చని, ఆ తర్వాత కొందరికి మతి తప్పి లేనివి కనిపిస్తాయని, ప్రాణానికే ముప్పని డాక్టర్ చెప్పాడు. మానాలంటే మాత్రలతో, బి1 విటమిన్‌తో, డాక్టర్ కనిపెట్టుకుని ఉండగా మానాలట. నేనేమో ఏటా విమానం ఎక్కి ఒక్కసారిగా ఆపేస్తున్నాను.

ఈ సెలవులో చినవాల్తేరు మానసిక ఆసుపత్రికి వెళ్ళాను. మావాళ్ళు దాన్ని పిచ్చాసుపత్రి అంటారు కదా, ఆటోని రెండు వీధుల ముందే ఆపించాను. అక్కడ నాలుగు ప్రశ్నలు అడిగారు. తగ్గించాలని ఎప్పుడైనా అనుకున్నారా? ఎవరైనా తాగుడు గురించి అంటే చిరాకు వచ్చిందా? తప్పు చేస్తున్నానని అనిపించిందా? పొద్దున్న లేవగానే తాగారా? రెండింటికి అవునన్నా అనుమానించాల్సిందేనట. మొదటి మూడింటికీ "అప్పుడప్పుడు" అని నసిగాను. నాలుగోదానికి నేను నోరు తెరిచేలోపే పక్క కుర్చీలోంచి మా ఆవిడ అందుకుంది.

"డిక్కీ తాళం చప్పుడు ఆరింటికే వినిపించేదండి."