అడుగు దూరం, ఐదేళ్ల నడక

గోల్ఫ్‌లో బంతి పడవలసిన కప్పు వెడల్పు 108 మిల్లీమీటర్లు. బంతి వ్యాసం 43 మిల్లీమీటర్లకు కొంచెం తక్కువ. అంటే రెండు బంతులు పక్కపక్కనే పట్టినా ఇంకా కాస్త చోటు మిగులుతుంది. 2012 ఏప్రిల్ 1న కాలిఫోర్నియాలోని రాంచో మిరాజ్‌లో, మిషన్ హిల్స్ కోర్సులో చివరిదైన పద్దెనిమిదో గ్రీన్ (కప్పు చుట్టూ ఉండే నున్నటి పచ్చిక) మీద, దక్షిణ కొరియాకు చెందిన కిమ్ ఇన్-క్యుంగ్‌కు ఆ కప్పు ఒక్క అడుగు దూరంలో ఉంది. ఆ పట్ (బంతిని కప్పులోకి దొర్లించే దెబ్బ) పడితే క్రాఫ్ట్ నబిస్కో చాంపియన్‌షిప్ ఆమెదే, జీవితంలో తొలి మేజర్ (గోల్ఫ్‌లో అన్నిటికంటే పెద్ద టోర్నమెంట్లలో ఒకటి) టైటిల్ ఆమెదే. బంతి కప్పు కుడి అంచును తాకి, అంచు చుట్టూ తిరిగి, ఆమె వైపే వెనక్కి వచ్చింది. ఆమె చేత్తో నోరు మూసుకుని అలాగే నిలబడిపోయింది.

ఆ దృశ్యాన్ని నేను చాలాసార్లు చూశాను, చూసిన ప్రతిసారీ నా చూపు బంతి మీద కాక ఆ చేతి మీదే నిలిచిపోతుంది. తాను సూటిగానే కొట్టానని, అంత చిన్న దూరంలోనూ బంతి కొద్దిగా కుడివైపు ఒరిగిందని ఆమె తర్వాత వివరించింది. ఆ వివరణను నేను నమ్ముతాను. బంతి కప్పు మధ్యగా వెళ్తే వేగం కాస్త ఎక్కువైనా లోపల పడుతుంది; అంచుకు జరిగిందంటే మాత్రం ఆ కాస్త వేగమే దాన్ని బయటికి తిప్పేస్తుంది. దాంతో స్కోర్లు సమమై, విజేతను తేల్చే ప్లేఆఫ్ జరిగింది; దాని మొదటి హోల్‌లోనే సాటి కొరియా క్రీడాకారిణి యూ సన్-యంగ్ బర్డీ (నిర్ణీత దెబ్బల కంటే ఒకటి తక్కువ) సాధించి గెలిచింది, ఆ టోర్నమెంట్ విజేతలు పాటించే ఆనవాయితీ ప్రకారం గ్రీన్ పక్కనున్న చెరువులోకి దూకింది.

కిమ్ 1988లో సియోల్‌లో పుట్టింది. 1998లో దేశం ఆర్థిక సంక్షోభంలో విలవిలలాడుతున్న రోజుల్లో, కొరియా క్రీడాకారిణి పాక్ సె-రి అమెరికా మహిళల ఓపెన్ ప్లేఆఫ్‌లో బూట్లూ మేజోళ్లూ విప్పి నీటిలో దిగి బంతిని ఒడ్డుకు కొట్టి, చివరికి టైటిల్ గెలిచినప్పుడు, అది చూసి గోల్ఫ్ కర్ర పట్టిన ఆడపిల్లల తరం ఈమెది. పార్క్ ఇన్-బీ, షిన్ జి-యాయ్ కూడా అదే ఏడాది పుట్టినవారు. అంతటి ప్రతిభావంతుల మధ్య వెనకబడినట్టు కనిపించడానికి పెద్దగా తప్పు చేయనక్కరలేదు. నిజానికి కిమ్ 2005లో అమెరికా బాలికల జూనియర్ టైటిల్ గెలిచింది, 2008 నుంచి 2010 దాకా అమెరికా మహిళల వృత్తి గోల్ఫ్ పోటీల వరుస అయిన ఎల్‌పీజీఏ టూర్‌లో ఏడాదికొకటి చొప్పున మూడు విజయాలు సాధించింది. 2010లో మెక్సికోలో లొరేనా ఒచోవా ఇన్విటేషనల్ గెలిచి, వచ్చిన 2,20,000 డాలర్ల బహుమతి మొత్తాన్నీ సేవా కార్యక్రమాలకు ఇచ్చేసింది. ఆమె గురించి ముందుగా చెప్పుకోవలసిన సంగతి ఇదేనని నా అభిప్రాయం. లోకం మాత్రం ఆ అడుగు దూరం పట్‌నే ఆమె ఇంటిపేరుగా చేసేసింది.

ఆ ఓటమి కంటే దాని తర్వాతి కాలమే నన్ను ఎక్కువగా కదిలిస్తుంది. ఎందుకంటే గోల్ఫ్‌లో అడుగు దూరం పట్ నుంచి తప్పించుకుని తిరగడానికి వీలుండదు, అది ప్రతి రౌండ్‌లోనూ ఎదురవుతుంది, ఎదురైన ప్రతిసారీ గ్రీన్ చుట్టూ నిలబడినవారందరి మనసులోనూ అదే జ్ఞాపకం మెదులుతుందని ఆడేవారికి తెలుసు. 2013లో కియా క్లాసిక్ ప్లేఆఫ్‌లో బియాట్రిజ్ రెకారీ చేతిలో ఓడింది. అదే ఏడాది అమెరికా మహిళల ఓపెన్‌లో పార్క్ ఇన్-బీ తర్వాత రెండో స్థానంలో నిలిచింది. 2014లో పోర్ట్‌లాండ్‌లో మళ్లీ ప్లేఆఫ్, మళ్లీ ఓటమి. యూరప్ టూర్‌లో గెలుస్తున్నా, ఎల్‌పీజీఏలో తర్వాతి విజయం కోసం 2016 అక్టోబరులో చైనాలో జరిగిన రైన్‌వుడ్ క్లాసిక్ దాకా, దాదాపు ఆరేళ్లు ఎదురుచూడవలసి వచ్చింది.

2017 వేసవిలో ఆమె ఆట పూర్తిగా విచ్చుకుంది. జూన్‌లో షాప్‌రైట్ క్లాసిక్ గెలిచింది. జూలైలో ఒహాయోలోని సిల్వేనియాలో, 2010లో తాను ప్లేఆఫ్‌లో ఓడిన కోర్సులోనే, చివరి రోజు రౌండ్‌ను 63 స్ట్రోక్‌ల (దెబ్బల)తోనే ముగించి నాలుగు స్ట్రోక్‌ల తేడాతో మారథాన్ క్లాసిక్ సాధించింది. ఆగస్టులో స్కాట్లాండ్‌లోని కింగ్స్‌బార్న్స్ సముద్రతీరపు కోర్సులో బ్రిటిష్ మహిళల ఓపెన్ జరిగింది. అక్కడ చివరి రౌండ్‌కు ఆరు స్ట్రోక్‌ల ఆధిక్యంతో దిగింది. చూసేవారికి అది నిశ్చింతగా అనిపించవచ్చు గాని, పోగొట్టుకోవడానికి చేతిలో అంత ఉండటమే ఆమె వంటివారికి అసలైన బరువు. ఇంగ్లండ్‌కు చెందిన జోడీ ఎవర్ట్ షాడాఫ్ 64 కొట్టి ఆ ఆధిక్యాన్ని రెండు స్ట్రోక్‌లకు తగ్గించింది. కిమ్ తొందరపడలేదు. సాహసాల జోలికి పోకుండా, ఒక్కో హోల్‌నూ ఓపికగా దాటుకుంటూ 71తో ముగించి, మొత్తం పార్‌కు (నిర్ణీత స్ట్రోక్‌ల సంఖ్యకు) 18 తక్కువతో, రెండు స్ట్రోక్‌ల తేడాతో తొలి మేజర్‌ను అందుకుంది. అప్పటికి ఆమెకు 29 ఏళ్లు.

ఆ గెలుపును పాత బాకీ తీర్చుకోవడంగా చాలామంది రాశారు. నాకు ఆ మాట నచ్చలేదు, ఎందుకంటే ఆమె మిషన్ హిల్స్‌ను తప్పించుకుని తిరిగిన మనిషి కాదు. 2019లో అదే కోర్సులో, అప్పటికి ఏఎన్ఏ ఇన్‌స్పిరేషన్‌గా పేరు మారిన అదే టోర్నమెంట్‌లో, రెండో రోజు 65 కొట్టి అందరికంటే ముందు నిలిచింది. చివరికి టైటిల్ కో జిన్-యంగ్‌కు దక్కింది, చెరువులోకి దూకింది కూడా ఆమే. కిమ్ మాత్రం ఆ నాలుగు రోజులూ అదే పద్దెనిమిదో గ్రీన్ మీదికి నడిచి వచ్చి, వంగి, పట్ కొట్టి, కప్పులోంచి తన బంతిని తీసుకుని వెళ్లింది.