గొల్లకావడి కింది నారుమడి

సంక్రాంతి తర్వాత వచ్చిన అమావాస్య రాత్రి అమ్మను కారులో ఎక్కించుకుని ఇబ్రహీంపట్నం దాటి వెళ్లాను. బోడుప్పల్‌లో మా డాబా మీద నుంచి చూస్తే వీధిలైట్ల వెలుగులో పది చుక్కలు కనబడడమే గొప్ప. ఉస్మానియా యూనివర్సిటీ వాళ్లు 1968లో 48 అంగుళాల టెలిస్కోపు పెట్టిన రంగాపూర్ కూడా అటువైపే. అంతదూరం పోలేదు, ఒక చెరువు కట్ట దగ్గర ఆగాం.

అమ్మకు డెబ్బై దాటాయి. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం మా నల్లగొండ జిల్లా మీదుగానే పోయింది. అప్పుడు నేను అమ్మ కడుపులో ఉన్నాను. శాస్త్రవేత్తలు రంగాపూర్‌లో టెలిస్కోపులు పెట్టుకుని చూస్తుంటే, అమ్మను ఇంట్లో కూర్చోబెట్టి తలుపులు బిగించారట. నా మూలంగా ఆమె చూడలేకపోయిన ఆకాశాన్ని ఒక్కసారైనా చూపించాలని ఎన్నేళ్లుగానో అనుకుంటున్నాను.

గొల్లకావడి ఎక్కడుందో నేను చూపించనక్కర్లేదు. వరుసగా మూడు చుక్కలు, తనే వేలు పెట్టి చూపించింది. వాటికి కాస్త కింద వేలాడుతున్నట్టుండే చిన్న చుక్కల్లో నడిమిదాన్ని, అంటే ఓరియన్ నీహారిక అనే గ్యాసు, దుమ్ము మబ్బును చూడమని బైనాక్యులర్స్ ఇచ్చాను. చేతులు వణుకుతుంటే మోచేతులు కారు బానెట్ మీద ఆనించింది. చాలాసేపటికి అంది: "పొగ లెక్క ఉన్నది బిడ్డా. ఎవరో ఊదుబత్తి ఊపినట్టు."

నిజంగా అలాగే ఉంటుంది. ఫోటోల్లో కనిపించే ఎరుపు, గులాబీ రంగులు కంటికి దొరకవు. అంత మసక వెలుగులో మన కన్ను రంగును పట్టలేదు. కెమెరా చాలాసేపు వెలుగు పోగుచేసుకుంటుంది కాబట్టి దానికి హైడ్రోజన్ ఎరుపు చిక్కుతుంది. నాకైతే ఆ బూడిద రంగు మరకే ఎక్కువ ఇష్టం. 1,340 ఏళ్ల కింద బయల్దేరిన వెలుగు మధ్యలో ఎక్కడా ఆగకుండా వచ్చి అమ్మ కంట్లో పడింది.

"ఇది చుక్కల నారుమడి అమ్మా" అన్నాను. ఆ నీహారిక ఈ కొస నుంచి ఆ కొసకు వెలుగు పోవాలంటేనే ఇరవై ఏళ్లకు పైగా పడుతుంది. పేరుకు మబ్బే గానీ, మనం పీల్చే గాలితో పోలిస్తే అక్కడ ఏమీ లేనట్టే. ఘన సెంటీమీటరు గాలిలో రెండున్నర లక్షల కోట్ల కోట్ల అణువులుంటే, అక్కడ మహా అయితే కొన్ని వేలు. అయినా అంత పెద్ద మడిలో అక్కడక్కడ గ్యాసు, దుమ్ము తమ బరువుకు తామే లోపలికి కుంగి, ముద్దకట్టి, వేడెక్కి నక్షత్రాలవుతాయి. కొన్ని పసి నక్షత్రాల చుట్టూ దుమ్ము పళ్లేలు తిరుగుతుండడం హబుల్ టెలిస్కోపు చూసింది. గ్రహాలు పుట్టేది అలాంటి వాటిలోనే.

సేద్యం చేసిన మనిషి కదా, వెంటనే అడిగింది: "మరి దానికి పెంట ఎవలు తోలుతరు?"

నేను ఎన్నో వ్యాసాలు చదివాను గానీ ఇంత సూటి ప్రశ్న ఎక్కడా చూడలేదు. మొదట్లో విశ్వంలో ఉన్నది దాదాపుగా హైడ్రోజన్, హీలియం. ఇనుము, సున్నం, ఆక్సిజన్ నక్షత్రాల్లో వండుకుని, అవి చచ్చిపోయేటప్పుడు బయటపడి, మళ్లీ ఇలాంటి మడుల్లోకే చేరతాయి. పక్కనే వృషభ రాశి కొమ్ము వైపు చూపించాను. అక్కడ 1054లో ఒక నక్షత్రం పేలింది. ఇరవై మూడు రోజులు పట్టపగలే కనబడిందని చైనావాళ్లు రాసిపెట్టుకున్నారు. ఇక్కడ రాజమహేంద్రవరంలో రాజరాజనరేంద్రుడు ఏలుతున్న కాలం అది. ఆ పేలుడు విదిలించిందే క్రాబ్ నెబ్యులా అనే నీహారిక, ఇప్పటికీ విస్తరిస్తూనే ఉంది. అదీ తోలుతున్న పెంట.

అమ్మ మళ్లీ బైనాక్యులర్స్ తీసుకుంది.

"నారు నాటుకు ఎప్పుడొస్తది?"

సూర్యుడంత నక్షత్రం నిలదొక్కుకోవడానికి దాదాపు 5 కోట్ల ఏళ్లు అని చెప్పాను.

"మన వరికి ఇరవై ఐదు దినాలు" అంది, కళ్లు తీయకుండానే.