డిగ్రీ చదువుతూ క్రెడిట్ల కోసం పరిశోధన: అధ్యాపకులను ఎలా వెతకాలి, ఏమని అడగాలి

2022 డిసెంబరులో విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) విడుదల చేసిన కరిక్యులమ్, క్రెడిట్ ఫ్రేమ్‌వర్క్ ప్రకారం నాలుగేళ్ల డిగ్రీకి 160 క్రెడిట్లు కావాలి. మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం, అంతకు మించి మార్కులు తెచ్చుకున్న విద్యార్థి నాలుగో ఏట ఒక అధ్యాపకుడి మార్గదర్శకత్వంలో 12 క్రెడిట్ల పరిశోధన చేసి ‘ఆనర్స్ విత్ రీసెర్చ్’ పట్టా పొందవచ్చు. నిబంధన ఇంతవరకే చెబుతుంది. ఆ అధ్యాపకుడిని ఎక్కడ వెతకాలో, ఏమని అడగాలో విద్యార్థే తెలుసుకోవాలి. విశ్వవిద్యాలయంలో పాఠాలు చెబుతూ ఏటా ఇటువంటి విద్యార్థుల ఉత్తరాలు అందుకుంటున్నాను కనుక, వారికి పనికివచ్చే నాలుగు మాటలు రాయాలనిపించింది.

మొదటి మాట, నాలుగో ఏడు వచ్చేదాకా ఆగవద్దు. మీ కోర్సు నిబంధనల పుస్తకం తీసి, ప్రాజెక్టు ఎలెక్టివ్, ఇండిపెండెంట్ స్టడీ, మినీ ప్రాజెక్టు వంటి పేర్లతో ఏమైనా ఉన్నాయేమో ఓపికగా చూడండి. బిట్స్ పిలానీ హైదరాబాద్ ప్రాంగణంలో స్టడీ ఓరియెంటెడ్, ల్యాబ్ ఓరియెంటెడ్, డిజైన్ ఓరియెంటెడ్ ప్రాజెక్టుల పేరిట 3 యూనిట్ల (అక్కడ క్రెడిట్లను అలా అంటారు) కోర్సులు ఉన్నాయి. అధ్యాపకుడు ఒప్పుకుంటే వాటిని మిగతా కోర్సుల్లాగే నమోదు చేసుకోవచ్చు. అమెరికాలో ఎంఐటీ 1969లోనే భౌతికశాస్త్రవేత్త మార్గరెట్ మెక్‌వికర్ చొరవతో ఇటువంటి పథకాన్ని ప్రారంభించింది. అక్కడ విద్యార్థి చేసిన పనికి వేతనమైనా తీసుకోవచ్చు, క్రెడిట్లయినా తీసుకోవచ్చు. ఒకే పనికి రెండూ కుదరవు.

క్రెడిట్ అంటే నిజానికి గంటల లెక్క అన్న సంగతి చాలామంది పట్టించుకోరు. యూజీసీ లెక్కలో ప్రయోగశాల పనికీ క్షేత్ర పనికీ ఒక క్రెడిట్ అంటే వారానికి రెండు గంటలు, అంటే 15 వారాల సెమిస్టరులో 30 గంటలు. ఆ లెక్కన 3 క్రెడిట్ల ప్రాజెక్టుకు వారానికి ఆరు గంటలు కేటాయించాలి. అధ్యాపకుడు మిమ్మల్ని తీసుకోవాలా వద్దా అని ఆలోచించేటప్పుడు ఆయన మనసులో మెదిలేది కూడా ఇదే: ఈ ఆరు గంటల్లో ఈ విద్యార్థి పూర్తి చేయగల పని నా దగ్గర ఏముంది? ఆ ప్రశ్నకు సగం జవాబు మీరే సిద్ధం చేసుకుని వెళితే ఒప్పుకోవడం ఆయనకు ఎంతో సులువవుతుంది.

అందుకే ప్రాజెక్టు కోసం కాకుండా, మీకు నచ్చిన పని చేస్తున్న మనిషి కోసం వెతకమంటాను. విభాగం వెబ్‌సైట్, గూగుల్ స్కాలర్ అందరికీ తెలిసినవే. యూజీసీ కేంద్రమైన ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడిపే శోధగంగ వెబ్‌సైట్‌ను మాత్రం డిగ్రీ విద్యార్థులు తక్కువగా వాడుతున్నారని నా అనుభవం. దేశంలోని విశ్వవిద్యాలయాలు సమర్పించిన పిహెచ్‌డి సిద్ధాంత గ్రంథాలు అందులో ఉచితంగా దొరుకుతాయి, గైడ్ పేరుతోనూ వెతకవచ్చు. మీకు దగ్గరి విశ్వవిద్యాలయంలో మీ విషయం మీద ఎవరు పరిశోధన చేయిస్తున్నారో ఒక పూట కూర్చుంటే తెలిసిపోతుంది. ఆ గ్రంథాల చివరి అధ్యాయంలో ఇకముందు చేయదగిన పనుల గురించి సాధారణంగా కొన్ని పేజీలు ఉంటాయి. వాటిని తప్పక చదవండి. డిగ్రీ విద్యార్థి చేయగల చిన్న పనులు తరచుగా అక్కడే కనిపిస్తాయి.

ఇక ఉత్తరం. నాకు వచ్చే ఉత్తరాల్లో ఎక్కువ వాటిలో నా పేరు తీసి మరొకరి పేరు పెట్టినా ఏమీ తేడా రాదు. పరిశోధన అంటే ఎంతో ఆసక్తి అనీ, ఏ అంశమైనా సరే చేస్తామనీ రాస్తారు. ఆ ఆసక్తి నిజమైనదేనని నమ్ముతాను, కానీ దాన్ని పట్టుకుని ఏ పని అప్పగించాలో తోచదు. ఒక అధ్యాపకురాలు నల్లగొండ జిల్లా భూగర్భ జలాల్లోని ఫ్లోరైడ్ మీద పరిశోధిస్తున్నారని అనుకుందాం. ఆమె పరిశోధన పత్రం ఒకటి చదివిన విద్యార్థి, వానకాలానికి ముందూ తరువాతా తీసిన నమూనాల్లో ఒకే బావి నీటికి అంత తేడా ఎందుకు వచ్చిందని అడిగి, తమ ఊరు ఆ జిల్లాలోనే ఉందనీ, సెలవుల్లో నమూనాలు సేకరించగలననీ, ఫ్లోరైడ్‌ను అయాన్ సెలెక్టివ్ ఎలక్ట్రోడ్ అనే పరికరంతో కొలవడం ల్యాబ్‌లో నేర్చుకున్నాననీ, వారానికి ఆరు గంటలు కేటాయించగలననీ పది వాక్యాల్లో రాస్తే, ఆ ఉత్తరానికి జవాబు రాకపోవడం అరుదు. ఆ ప్రశ్న గొప్పది కానవసరం లేదు, చదివి అడిగినదైతే చాలు. మొదటి ఉత్తరంలోనే పత్రంలో తన పేరు వేస్తారా అని అడగడం మాత్రం తగదని నా గట్టి అభిప్రాయం.

వారం దాటినా జవాబు రాకపోతే మరొక్కసారి రాయండి, లేదా నేరుగా గదికి వెళ్లి కలవండి. అంతకన్నా మంచి దారి, ఆ ల్యాబ్‌లోని పిహెచ్‌డి స్కాలర్‌ను ముందుగా పలకరించడం, ఎందుకంటే మీకు రోజూ పని నేర్పేది చాలా చోట్ల వారే. సైన్సు చదవని వారికి ఈ దారి లేదనుకోవద్దు: మాండలిక పదాల సేకరణకూ, పాత పత్రికల సూచికల తయారీకీ, గ్రామీణ ఆర్థిక సర్వేలకూ మనుషులు కావాలి. అయితే మనుషులను ప్రశ్నించే పరిశోధనకు సంస్థలో పరిశోధనల నైతికతను పరిశీలించే ఎథిక్స్ కమిటీ అనుమతి అవసరం కావచ్చు, అది రావడానికి వారాలు పట్టవచ్చు కనుక సెమిస్టర్ మొదలవక ముందే అడగాలి.

అధ్యాపకుడు సరేనన్నాక ఆగిపోకూడదు. ఎన్ని క్రెడిట్లు, ఏ కోర్సు కోడ్ కింద, మార్కులు ఎవరు వేస్తారు, చివర నివేదికా ప్రదర్శనా రెండూ ఉంటాయా అన్న విషయాలు రిజిస్ట్రేషన్ గడువు లోపలే ఈమెయిల్‌లో రాయించుకోండి. పని బయటి సంస్థలో అయితే ఈ జాగ్రత్త రెట్టింపు అవసరం. మూడు జాతీయ సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే వేసవి పరిశోధన ఫెలోషిప్‌లో రెండు నెలలు పేరున్న శాస్త్రవేత్త దగ్గర పనిచేయవచ్చు, స్టైపెండ్ కూడా ఇస్తారు. కానీ దానికి క్రెడిట్లు ఇవ్వవలసింది మీ కళాశాలే. యూజీసీ ఫ్రేమ్‌వర్క్‌లో వేసవి ఇంటర్న్‌షిప్‌కు 2 నుంచి 4 క్రెడిట్ల వీలుంది. అందుచేత ప్రయాణానికి ముందే విభాగాధిపతిని కలిసి, ఆ రెండు నెలల పనిని ఏ పద్దు కింద చూపాలో, తిరిగి వచ్చాక ఏ పత్రాలు ఇవ్వాలో అడిగి, ఆమోదపత్రం చేతికి తీసుకున్నాకే బయలుదేరండి.