పాత ట్రై-యాంగ్ ఇంజనుకు డీకోడర్ బిగించిన వైనం

పర్లాకిమిడిలో పెరిగిన నావంటి వారికి రైలు అంటే 1900లో నౌపడ నుంచి మా ఊరికి వచ్చి, 1931లో గుణుపురం దాకా సాగిన రెండున్నర అడుగుల గేజి బండే. అది బ్రాడ్‌గేజిగా మారిపోయిన తరువాత నా మోజు 16.5 మిల్లీమీటర్ల వెడల్పు పట్టాల మీద నడిచే బొమ్మ రైళ్ల మీదికి దిగింది. ఈ మధ్య ఎక్స్04 అనే మోటారు ఉన్న, బ్రిటిష్ బొమ్మ రైళ్ల కంపెనీ ట్రై-యాంగ్ వారి పాత ఇంజను ఒకదానికి డీసీసీ డీకోడర్ బోర్డు (పట్టాల ద్వారా వచ్చే డిజిటల్ ఆజ్ఞలను చదివి మోటారును నడిపే చిన్న సర్క్యూట్) బిగించాను. మొదటి బోర్డు నిమిషంలోనే కాలిపోయింది. తప్పు పూర్తిగా నాదే.

రంగుల ప్రకారం తీగలు కలిపితే పని అయిపోతుందనుకున్నాను. ఎరుపు కుడి పట్టాకు, నలుపు ఎడమ పట్టాకు, నారింజ, బూడిద రంగు తీగలు మోటారు బ్రష్‌లకు (తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ ముక్కలకు): ఇంతవరకు ఎవరైనా చేయగలరు. అయితే ఆ కాలపు ఇంజనులో పట్టాల కరెంటు నేరుగా మోటారుకు చేరేది కనుక, తయారీదారులు లోహపు చట్రాన్నే ఒక తీగగా వాడుకున్నారు. ఎక్స్04లో రెండు బ్రష్‌లనూ అదిమి పట్టే స్ప్రింగు ఒకటే. దాని ఒక కాలికి మాత్రమే ఇన్సులేషన్ గొట్టం ఉంటుంది, రెండో కాలు తన బ్రష్‌ను చట్రానికి కలుపుతుంది. దానిని అలాగే వదిలేస్తే పట్టాల కరెంటు డీకోడర్ మోటారుకు ఇచ్చే తీగలోకి ఎదురు వచ్చి, బోర్డును బలిగొంటుంది.

రెండోసారి ఆ కాలికి కూడా గొట్టం తొడిగి, ఆ బ్రష్‌కు వేరుగా తీగ టంకం వేశాను. రేడియోలో గరగర రాకుండా పెట్టిన పాత కెపాసిటర్‌ను తీసేశాను. తరువాత మల్టీమీటర్‌తో ఒక్కొక్క బ్రష్‌కూ చట్రానికీ, చక్రాలకూ మధ్య చూశాను. బీప్ అంటే రెండింటి మధ్య కరెంటుకు దారి ఉన్నట్టే కనుక, ఎక్కడా అది వినిపించకూడదు. (మా ఇంట్లో వారికి ఆ నిశ్శబ్దమే ఇష్టం.)

బోర్డు కొనేముందే చేయవలసిన పరీక్ష మరొకటి ఉంది. 12 వోల్టుల మామూలు డీసీ ఇచ్చి, చక్రాలు తిరగకుండా ఒక్క క్షణం పట్టుకుని, ఎన్ని ఆంపియర్లు లాగుతుందో చూడాలి. అయస్కాంతం బలహీనపడిన పాత మోటారు సులువుగా ఒక ఆంపియరు దాటిపోతుంది కనుక, చిన్న ఇంజన్లకోసం చేసిన అరచిటికెన వేలంత బోర్డు దానికి చాలదు.

కంట్రోలర్ నుంచి ఇంజనును పిలిచే నంబరు కొత్త డీకోడర్‌లో సాధారణంగా 3 ఉంటుంది. నేను దానిని మార్చి 1900 అని పెట్టాను. నంబరు నొక్కగానే ఇంజను కాస్త సణిగి, మెల్లగా కదిలింది.