ఒక్కసారే వెలిగి ఆగిపోయిన ఎల్‌ఈడీ

మా అక్క కొడుకు హిందూపురంలో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదువుతున్నాడు. దసరా సెలవులకి బెంగళూరు వస్తే ఎక్కడికి వెళ్దాంరా అని అడిగాను. లాల్‌బాగ్ అంటాడనుకున్నాను, "ఎస్‌పీ రోడ్డు మామా" అన్నాడు, ఎలక్ట్రానిక్స్ విడిభాగాలమ్మే బజారు. చిక్కపేటలో మెట్రో దిగి, జనాన్ని తోసుకుంటూ నడిచి, ఇరుకు మెట్లెక్కి ఒక కొట్లో సీహెచ్32వీ003 అనే చిన్న మైక్రోకంట్రోలర్ చిప్ ఉన్న బోర్డులు ఐదు, వాటిలోకి కోడ్ ఎక్కించే డీబగ్గర్ ఒకటి కొన్నాం. నలుగురం కూర్చుని బిర్యానీ తింటే అయ్యేంత ఖర్చు, అంతే.

ఈ చిప్ గురించి తెలియనివాళ్ల కోసం కొంచెం చెబుతాను. రిస్క్-వీ (ఎవరైనా వాడుకోగల ఓపెన్ ఇన్‌స్ట్రక్షన్ సెట్) కోర్, 48 మెగాహెర్ట్జ్, 16 కేబీ ఫ్లాష్, 2 కేబీ ర్యామ్. 2022లో వచ్చినప్పుడు పది సెంట్ల చిప్ అని దీని పేరు మారుమోగింది. చౌకగా రావడానికి కోర్‌లో చాలా తగ్గించారు. మామూలు 32 బిట్ రిస్క్-వీలో 32 రిజిస్టర్లు (సీపీయూ లెక్కలకి వాడే చిన్న అరలు) ఉంటాయి, ఇందులో 16 మాత్రమే. గుణకారానికి ఇన్‌స్ట్రక్షన్ లేదు. భాగహారానికీ లేదు. దీన్నే ఆర్‌వీ32ఈసీ అంటారు, 'ఈ' అంటే ఎంబెడెడ్, 'సీ' అంటే కుదించిన 16 బిట్ల ఇన్‌స్ట్రక్షన్లు.

తయారీదారు సొంత ఐడీఈ (కోడ్ రాసి బిల్డ్ చేసే సాఫ్ట్‌వేర్) ఇస్తారు, అందులో వాళ్లు మార్పులు చేసుకున్న జీసీసీ అనే ఓపెన్ సోర్స్ కంపైలర్ ఉంటుంది. అది వాడితే ఇదంతా రాయాల్సిన పనే ఉండేది కాదు. కానీ వాడి ల్యాప్‌టాప్ నాలుగు జీబీ ర్యామ్ ఉన్న పాత మెషీన్, నేనే లినక్స్ వేసి ఇచ్చాను. వాడు ఊరికి వెళ్లాక టెర్మినల్‌లో మేక్ అని కొడితే చాలు, బోర్డులో కోడ్ పడాలి. పైగా మార్పులేమీ చెయ్యని అసలు జీసీసీతోనే పడాలి అని నా పట్టుదల. అరచేతిలో పట్టే బోర్డుని ఒక్క కంపెనీ కంపైలర్‌కి కట్టేస్తే పిల్లలకి అది సగమే చేతికొచ్చినట్టు, రేపు ఆ వెర్షన్ ఆగిపోతే వాళ్ల కోడ్ కూడా ఆగిపోతుంది. ఈ చిప్‌కి సీహెచ్32ఫన్ అనే మంచి ఓపెన్ సోర్స్ ప్రాజెక్ట్ ఉంది, పని జరిగితే చాలు అనుకునేవాళ్లు నేరుగా అది తీసుకోండి. నాకు మాత్రం వాడి పక్కన కూర్చుని మొదటి లైన్ నుంచి రాయాలనిపించింది, ఎందుకంటే స్టార్టప్ కోడ్, అంటే చిప్ ఆన్ అవగానే మెయిన్ కంటే ముందు నడిచేది, ఒకసారి చేత్తో రాస్తే కంపైలర్ ఏం చేస్తుందో, ఏం చెయ్యదో వాడికి జీవితాంతం గుర్తుంటుంది.

మొదటి దెబ్బ అసెంబ్లర్ దగ్గరే తగిలింది. ఆర్కిటెక్చర్ ఆర్‌వీ32ఈసీ, ఏబీఐ (ఫంక్షన్లు ఒకదాన్నొకటి పిలుచుకునే పద్ధతి) ఐఎల్‌పీ32ఈ అని ఇచ్చాం. ఇంటరప్ట్ (చేస్తున్న పని ఆపించే సంకేతం) వస్తే ఎక్కడికి దూకాలో చెప్పే ఎంటీవెక్ రిజిస్టర్‌లో రాసే లైన్ దగ్గర, జిక్‌సీఎస్‌ఆర్ ఎక్స్‌టెన్షన్ కావాలి అని ఆగిపోయింది. ఇది చాలామందిని తికమక పెడుతుంది. ఒకప్పుడు సీఎస్‌ఆర్ ఇన్‌స్ట్రక్షన్లు (ఎంటీవెక్ లాంటి కంట్రోల్ రిజిస్టర్లని చదివి రాసేవి) మూల ఇన్‌స్ట్రక్షన్ సెట్‌లో భాగం, తర్వాత స్పెసిఫికేషన్‌లో వాటిని విడగొట్టారు, జీసీసీ 12 నుంచి డిఫాల్ట్‌గా ఆ కొత్త స్పెసిఫికేషనే. ఆర్కిటెక్చర్ పేరు చివర అండర్‌స్కోర్ పెట్టి జిక్‌సీఎస్‌ఆర్ చేర్చితే సరిపోయింది.

తర్వాత లింక్ దశలో, సరిపోయే మల్టీలిబ్ దొరకలేదు అని ఇంకో ఎర్రర్. మల్టీలిబ్ అంటే ఒక్కో ఆర్కిటెక్చర్‌కీ ఏబీఐకీ విడిగా కంపైల్ చేసిన లైబ్రరీల కట్ట. నా మెషీన్‌లో ఉన్నది పాత పనికోసం నేను సోర్స్ నుంచి బిల్డ్ చేసుకున్న కంపైలర్. దాని డిఫాల్ట్ మల్టీలిబ్ జాబితాలో ఐఎల్‌పీ32ఈ లేదు. "మన కోడ్‌లో లైబ్రరీలేం వాడలేదు కదా మామా" అన్నాడు వాడు. నిజమే, కానీ రెండు నంబర్లు గుణించాం. చిప్‌లో గుణకారం లేదు కాబట్టి కంపైలర్ అక్కడ తనతో వచ్చే లిబ్‌జీసీసీ లైబ్రరీలోని ఒక ఫంక్షన్‌ని పిలుస్తుంది. ఆ ఫంక్షన్ కూడా 16 రిజిస్టర్ల లెక్కలోనే కంపైల్ అయి ఉండాలి. మామూలు ఏబీఐలో ఆర్గ్యుమెంట్లు ఎనిమిది రిజిస్టర్లలో వెళ్తాయి, ఈ ఏబీఐలో ఆరింటిలోనే. అక్కడ ఎస్0 నుంచి ఎస్11 దాకా పిలవబడిన ఫంక్షన్ కాపాడాలి, ఇక్కడ ఉన్నవే ఎస్0, ఎస్1. స్టాక్ అలైన్‌మెంట్ అక్కడ 16 బైట్లు, ఇక్కడ 4. లేని రిజిస్టర్‌ని వాడే కోడ్‌ని ఈ చిప్‌లో పెట్టలేం కదా. మల్టీలిబ్ జనరేటర్ ఆప్షన్‌లో ఆర్‌వీ32ఈసీ చేర్చి జీసీసీని మళ్లీ బిల్డ్‌కి పెట్టి, వాడిని తీసుకుని కిందకెళ్లి టీ తాగి, కూరగాయలు కొని, అన్నం తిన్నాక కూడా అది నడుస్తూనే ఉంది. డెబియన్ ప్యాకేజీలో ఈ మల్టీలిబ్ ముందే ఉంది కాబట్టి వాడి ల్యాప్‌టాప్‌కి ఈ బాధ లేదు.

ఏది ఏ అడ్రస్‌లో ఉండాలో చెప్పే లింకర్ స్క్రిప్ట్ చిన్నదే. ఫ్లాష్ సున్నా అడ్రస్ నుంచి 16 కేబీ, ర్యామ్ హెక్సాలో 20000000 నుంచి 2 కేబీ. స్టార్టప్‌లో ఒక్కచోట జాగ్రత్త: గ్లోబల్ పాయింటర్ (జీపీ) రిజిస్టర్‌ని నింపే లైన్ ముందు నోరిలాక్స్ అని తప్పకుండా పెట్టాలి. లేకపోతే లింకర్ పొదుపు చేస్తున్నాననుకుని ఆ లైన్‌ని 'జీపీలో జీపీని పెట్టు' అనేలా మార్చేస్తుంది, ఇంకా ఏమీ లేని జీపీలో.

ఎల్‌ఈడీ మెరిసింది. వాడు వీడియో తీసి అక్కకి పంపించాడు. బోర్డు సపోర్ట్ అయిపోయిందని చాలామంది ఇక్కడితోనే ఆపేస్తారు, నేను మాత్రం టైమర్ ఇంటరప్ట్ వచ్చేదాకా ఒప్పుకోను. టైమర్‌తో మెరిపిద్దాం అని హ్యాండ్లర్ (ఇంటరప్ట్ రాగానే నడిచే ఫంక్షన్) రాశాం. ఎల్‌ఈడీ ఒక్కసారి వెలిగింది. అంతే, మళ్లీ ఆరలేదు.

రెండు సాయంత్రాలు పోయాయి. టైమర్ ఫ్లాగ్ క్లియర్ అవుతోందా, క్లాక్ సరిగ్గా ఉందా, వెక్టర్ టేబుల్ (హ్యాండ్లర్ల జాబితా) వరుస తప్పిందా అన్నీ చూశాను. ఈ కోర్‌లో ఎంటీవెక్ చివరి బిట్లకి సొంత అర్థం ఒకటుంది: రెండో బిట్ ఒకటి చేస్తే టేబుల్‌లో జంప్ ఇన్‌స్ట్రక్షన్ల బదులు నేరుగా అడ్రస్‌లు పెట్టుకోవచ్చు. అదీ సరిగ్గానే ఉంది. ఆఖరికి డిసాసెంబ్లీ (కంపైలైన కోడ్ అసెంబ్లీ రూపం) తెరిచి, మనకి అలవాటైన కళ్లకి కనబడకపోవచ్చు అని వాడి ముందు పెట్టాను. స్టార్టప్‌లో మేం అసెంబ్లీలో రాసిన డిఫాల్ట్ హ్యాండ్లర్‌నీ, సీలో రాసిన టైమర్ హ్యాండ్లర్‌నీ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూసి, "మామా, అక్కడ ఎమ్‌రెట్ ఉంది, ఇక్కడ ఉత్త రెట్ ఉందేంటి?" అన్నాడు.

సరిగ్గా అదే. మామూలు రెట్, ఆర్‌ఏ అనే రిజిస్టర్‌లో ఏ అడ్రస్ ఉంటే అక్కడికి దూకుతుంది. ఎమ్‌రెట్ ఆగిన చోటికి తిరిగి తీసుకెళ్లడమే కాకుండా, ఇంటరప్ట్ పని అయిపోయింది అని సీపీయూకి చెబుతుంది. ఆ మాట చెప్పకపోతే సీపీయూ తను ఇంకా ఇంటరప్ట్‌లోనే ఉన్నాననుకుని అదే స్థాయి ఇంటరప్ట్‌ని మళ్లీ తీసుకోదు. మరి కంపైలర్ రెట్ ఎందుకు పెట్టింది? ఉదాహరణ కోడ్ నుంచి నేను తెచ్చిన ఇంటరప్ట్ యాట్రిబ్యూట్‌లో (ఇది హ్యాండ్లర్ అని కంపైలర్‌కి చెప్పే గుర్తు) తయారీదారు కంపైలర్‌కి మాత్రమే తెలిసిన ఒక ఫాస్ట్ ఇంటరప్ట్ పేరు ఉంది. అసలు జీసీసీకి సూపర్‌వైజర్, మెషీన్ లాంటి కొన్ని పేర్లే తెలుసు. ఆ పేరు వీటిలో లేదని వార్నింగ్ ఇచ్చి, యాట్రిబ్యూట్‌ని పక్కన పడేసి, దాన్ని మామూలు ఫంక్షన్‌లా కంపైల్ చేసింది. వార్నింగ్ స్క్రీన్ మీద వచ్చే ఉంటుంది, మిగతా లైన్ల మధ్యలో పైకి జరిగిపోయింది.

ఆ ఫాస్ట్ పేరు వెనక మంచి ఆలోచనే ఉంది. ఇంటరప్ట్ రాగానే కాలర్, అంటే పిలిచే ఫంక్షన్, దాచాల్సిన రిజిస్టర్లని ఈ కోర్ హార్డ్‌వేరే స్టాక్‌లో పెట్టేయగలదు, అప్పుడు కంపైలర్ ఆ కోడ్ రాయనక్కర్లేదు. అసలు జీసీసీతో కూడా ఈ సదుపాయం వాడుకోవచ్చు, నేకెడ్ ఫంక్షన్ (కంపైలర్ మొదట్లో, చివర్లో ఏ కోడూ చేర్చనిది) ఒకటి రాసి, అందులో అసలు హ్యాండ్లర్‌ని పిలిచి, చివర ఎమ్‌రెట్ చేత్తో పెడితే. నేను అది వద్దనుకున్నాను. హార్డ్‌వేర్ దాచుకోవడం ఆపేసి మామూలు ఇంటరప్ట్ యాట్రిబ్యూట్ పెట్టాను. 16 రిజిస్టర్లలో దాచాల్సినవి మహా అయితే పది, నలభై బైట్లు. చిన్న హ్యాండ్లర్ అయితే తను వాడిన రెండు మూడింటినే కంపైలర్ దాస్తుంది, 2 కేబీ ర్యామ్‌లో అది కూడా కలిసొచ్చేదే. అన్నిటికంటే ముఖ్యం, నేర్చుకునే పిల్లాడు ఏ కంపైలర్‌తో చేసినా ఒకేలా నడుస్తుంది. అలాగే బోర్డు మేక్‌ఫైల్‌లో యాట్రిబ్యూట్ వార్నింగ్‌ని ఎర్రర్‌గా మార్చేశాను. ఇంకెవరి సాయంత్రాలూ దీనికి పోకూడదు.

వాడు హిందూపురం వెళ్లాక పాత ల్యాప్‌టాప్‌లో మేక్ కొట్టి, ఎల్‌ఈడీ సెకనుకోసారి మెరుస్తున్న వీడియో పంపించాడు, వెనకాల హాస్టల్ ఫ్రెండ్స్ గొంతులు వినిపిస్తున్నాయి. వాళ్లకీ కావాలట, వచ్చే శనివారం మళ్లీ ఎస్‌పీ రోడ్డుకి వెళ్లాలి.

ఇప్పుడు మిగిలింది ఎనిమిది పిన్నుల చిప్. అందులో ప్రోగ్రామింగ్‌కి వాడే పీడీ1 అనే లైన్, ఇంకో రెండు లైన్లతో కలిసి ఒకే పిన్ మీదకి వస్తుంది. ఆ పిన్‌ని మన కోడ్ వేరే పనికి తీసుకుంటే డీబగ్గర్ మళ్లీ చిప్‌తో మాట్లాడటం కష్టమవుతుంది. అందుకని ఆ చిప్ స్టార్టప్‌లో పిన్నులు ముట్టుకోకముందే కాసేపు ఆగే లూప్ ఒకటి పెడుతున్నాను. ఎంతసేపు ఆగితే డీబగ్గర్‌కి చాలో ఈ ఆదివారం బోర్డు మీదే చూడాలి.