ముల్లు ఒక మాట, అంకెలు ఒక మాట

ఆదివారం

ఎవరి బండి మీటరు వేగాన్ని సరిగ్గా చూపిస్తోందని తమ్ముడికీ నాకూ మధ్య కొంతకాలంగా నలుగుతున్న తగువు ఇవాళ తేలింది. తేలిందన్నది నా లెక్క, వాడు ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. బళ్లు రెండూ పక్కపక్కన సమానంగా పోతున్నప్పుడు నా ముల్లు 60 దగ్గరుంటే వాడి మీటరులో 62 పడుతుంది. నెమ్మదిగా పోతే ఆ తేడా కనబడదు, వేగం పెంచేకొద్దీ పెరుగుతుంది. వాడిది అంకెలు వెలిగే మీటరు, నాది ముందు చక్రం నుంచి వచ్చే కేబులుతో తిరిగే పాతకాలం ముల్లు. కాబట్టి తప్పు నాదేనని వాడి తీర్మానం. అంకెల్లో కనబడితే చాలు, అది సత్యమని నమ్మేస్తాడు.

తెల్లవారగానే, వాహనాలు పెద్దగా లేని వేళ, ఎత్తుపల్లాలు లేని తిన్నని రోడ్డు చూసుకుని బయలుదేరాం. సెకనుకోసారి వేగాన్ని నమోదు చేసేలా ఫోనును అమర్చి హ్యాండిలుకు బిగించాను. నడిపేటప్పుడు దానివైపు చూడాల్సిన పని లేదు. ముల్లును కాసేపు 40 దగ్గర, కాసేపు 60 దగ్గర, కాసేపు 80 దగ్గర కదలకుండా నిలపడమే మన పని. తర్వాత తీరిగ్గా గ్రాఫు తెరిస్తే మూడు మెట్లు కనిపిస్తాయి.

ఫోను చెప్పే వేగాన్ని నమ్మవచ్చా అని తమ్ముడి మొదటి అభ్యంతరం. మనం ఉన్న చోటు చూపించడంలో జీపీఎస్ కొన్ని మీటర్లు అటూ ఇటూ కావచ్చు. వేగం సంగతి వేరు. మనం కదులుతున్నందువల్ల ఉపగ్రహ సంకేతాల పౌనఃపున్యంలో వచ్చే చిన్న మార్పును పట్టుకుని, సాధారణంగా దాని నుంచే వేగాన్ని లెక్కిస్తుంది. ఆకాశం విప్పారి ఉండి, బండి నిలకడగా పోతున్నంతసేపు ఆ లెక్క చాలా కచ్చితంగా వస్తుంది. వేగం పెంచుతున్నప్పుడో తగ్గిస్తున్నప్పుడో మాత్రం కాస్త వెనకబడుతుంది. వంతెన కింద అది చెప్పేదాన్ని అసలు లెక్కలోకే తీసుకోకూడదు.

అయినా వాడి తృప్తి కోసం ఉపగ్రహాలతో పనిలేని పద్ధతి కూడా చేసి చూపించాను. ముల్లును 60 దగ్గర నిలిపి పది కిలోమీటరు రాళ్లు దాటాను, వాడు వెనక కూర్చుని స్టాప్‌వాచ్ పట్టుకున్నాడు. ఒక్క కిలోమీటరుకే చూస్తే మీట నొక్కడంలో జరిగే ఆలస్యం, రాళ్లు పాతడంలో జరిగిన అజాగ్రత్త రెండూ కలిసి లెక్కను చెడగొడతాయి. పది కిలోమీటర్లకు చూస్తే అవి సర్దుకుంటాయి. నిజంగా గంటకు 60 అయితే సరిగ్గా పది నిమిషాలు పట్టాలి. మాకు 10 నిమిషాల 54 సెకన్లు పట్టింది. అంటే 55. ఫోను చెప్పిందీ 55 చిల్లరే. ఉపగ్రహం, రాయి ఒకే మాట చెప్పాక వాడికి నోరు పెగల్లేదు.

నా ముల్లు 40 అన్నప్పుడు అసలు వేగం 35. 60కి 55, 80కి 75. ఎక్కడ చూసినా అదే అయిదు. వాడి మీటరు కథ వేరు: 40 అన్నప్పుడు 35 చిల్లర, 60కి 53, 80కి 71. వాడి తప్పు వేగంతోపాటే ఎదుగుతోంది. నాది ఎదుగూ బొదుగూ లేని తప్పు. ఇద్దరివీ అబద్ధాలే, కాకపోతే జాతులు వేరు. మీటరు తప్పు చూపిస్తోందని తెలిస్తే చాలదు, ఏ జాతి తప్పో తెలియాలి. దాన్నిబట్టే ఎక్కడ చెయ్యి పెట్టాలో తెలుస్తుంది.

అసలు తమాషా కిలోమీటర్ల అంకెల్లో ఉంది. ఆ పది రాళ్లకు నా మీటరులో 10.1 కిలోమీటర్లు తిరిగాయి, వాడి బండి మీద అదే దూరం పోతే 10.7. ముల్లు అన్ని కిలోమీటర్లు ఎక్కువ చెబుతుంటే, అదే మీటరులో, అదే కేబులుతో తిరిగే అంకెలు ఇంత నిజాయితీగా ఎలా ఉన్నాయి?

లోపల రెండింటి దారులూ వేరు కాబట్టి. అంకెలను తిప్పేవి పళ్ల చక్రాలు. పన్ను పన్నుకూ లెక్క ఉంటుంది, అటూ ఇటూ కావడానికి వీల్లేదు. ముల్లుకు మాత్రం కేబులుతో ముడి లేదు. 1902లో జర్మనీలో ఓట్టో షుల్జే పేటెంటు తీసుకున్న పద్ధతే ఈ ముల్లు మీటర్లలో ఇప్పటికీ ఉంది: కేబులు ఒక అయస్కాంతాన్ని తిప్పుతుంది, దానికి తగలకుండా పైన, ముల్లు బిగించిన అల్యూమినియం గిన్నె ఉంటుంది. తిరిగే అయస్కాంతం వల్ల ఆ గిన్నెలో విద్యుత్తు సుడులు పుట్టి, గిన్నెను అయస్కాంతం వెంట లాగుతాయి. వెంట్రుకలాంటి స్ప్రింగు ఒకటి వెనక్కి లాగుతుంది. ఈ ఇద్దరి పెనుగులాట ఎక్కడ ఆగితే అక్కడ ముల్లు ఆగుతుంది. స్ప్రింగు నీరసిస్తే ముల్లు ఎక్కువ చూపిస్తుంది, అయస్కాంతం నీరసిస్తే తక్కువ చూపిస్తుంది. కేబులుకు గ్రీజు మరీ ఎక్కువ పూస్తే అది పైకి పాకి గిన్నెకు అంటుకుంటుంది, అప్పుడు ముల్లు ఆకాశానికే. అందుకే పై చివర కొంత భాగం వదిలేసి పూయాలి.

దీనికి తోడు కర్మాగారంలోనే పెట్టి పంపే అబద్ధం ఒకటుంది. ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనల్లో 39వది, చాలా దేశాలు పాటించేది, మీటరు అసలు వేగం కన్నా తక్కువ ఎప్పుడూ చూపించకూడదని చెబుతుంది. ఎక్కువ చూపించవచ్చు, దానికి మాత్రం హద్దు ఉంది: అసలు వేగంలో పదో వంతు, ఆపైన మరికొన్ని కిలోమీటర్లు. టైరు అరుగుతుంది, గాలి తగ్గుతుంది, కొనుక్కున్నవాడు వేరే సైజు టైరు వేస్తాడు. ఇన్నింటి మధ్య ఒక్కసారి కూడా తక్కువ చూపించకుండా ఉండాలంటే తయారీదారుకు ముందే కాస్త పైకి జరిపి పెట్టడమే క్షేమం. నాకు ఇందులో కోపం తెచ్చుకోవాల్సిందేమీ కనబడలేదు. తమ్ముడు మాత్రం "డబ్బు తీసుకుని అబద్ధం అమ్ముతారా?" అని మండిపడ్డాడు.

నా బండి పని ముందు చేశాం. టైరు అనుమానం తీర్చుకోవడానికి ముందు చక్రం మీద, నేల మీద సుద్దతో గీత గీసి, నేను బండి మీద కూర్చుని ఉండగానే తమ్ముడు తోశాడు. పది చుట్లకు 18.4 మీటర్లు వచ్చింది. టైరు మీద 90/90-17 అని ఉంటుంది. మొదటిది టైరు వెడల్పు మిల్లీమీటర్లలో, రెండోది ఆ వెడల్పులో టైరు ఎత్తు ఎంత శాతమో, మూడోది లోపలి రిమ్ము వ్యాసం అంగుళాల్లో. మూడు కొలమానాలను ఒకే వరసలో కూర్చోబెట్టిన మహానుభావుడికి దండం. లెక్క కడితే చుట్టుకొలత 1,865 మిల్లీమీటర్లు రావాలి. బరువుకు టైరు నొక్కుకుంటుంది, పైగా కొంత అరిగింది, కాబట్టి 1,840 సబబే. పది కిలోమీటర్లకు ఆ 0.1 ఎక్కువ ఎందుకొచ్చిందో కూడా దీంతో తేలిపోయింది. చక్రంలో దోషం లేదు. ముల్లే తన చోట లేదు.

సున్నా దగ్గర సరిగ్గానే కూర్చుంటుంది కదా అంటే, అక్కడ దాన్ని ఆపే చిన్న పిన్ను ఉంది. అద్దం చుట్టూ మడిచిన రేకు అంచును కొంచెం కొంచెంగా లేపి, ముల్లును ఆ పిన్ను మీదుగా దాటించి వదిలాను. స్ప్రింగు దాన్ని తన సహజమైన చోటికి తీసుకెళ్లింది. అక్కడ గుర్తు పెట్టుకుని, ముల్లును నిటారుగా లాగి తీసి, గుర్తు కన్నా మూడు కిలోమీటర్ల మేర కిందికి మళ్లీ గుచ్చాను. పూర్తిగా అయిదూ సరిచేయలేదు. ఆ రెండు కిలోమీటర్లు కావాలనే ఉంచాను, రేపు కొత్త టైరు వేస్తే చుట్టుకొలత పెరిగి ముల్లు కొంచెం కిందికి దిగుతుంది. మళ్లీ రోడ్డెక్కితే ముల్లు 58 దగ్గర అసలు వేగం 56. చాలు.

ఇక వాడి బండి. దానికి వేగం పసిగట్టే సెన్సరు గేరుబాక్సు దగ్గర ఉంటుంది, చక్రం దగ్గర కాదు. ఎత్తెక్కేటప్పుడు లాగుడు బాగుంటుందని వాడు ముందు స్ప్రాకెట్టు (గొలుసును తిప్పే పళ్ల చక్రం) మార్పించాడు, 15 పళ్లది తీసి 14 పళ్లది. అప్పటి నుంచి ఒకే దూరానికి గేరుబాక్సు ఎక్కువ చుట్లు తిరుగుతోంది. పదిహేనును పద్నాలుగుతో భాగిస్తే 1.07. పది కిలోమీటర్లకు 10.7 ఎక్కడి నుంచి వచ్చిందో ఇంక చెప్పాలా? వేగంలో ఇంకా మిగిలిన అయిదు శాతం తేడా కర్మాగారం వాటా.

దీని మందు సెన్సరుకూ మీటరుకూ మధ్య తగిలించే చిన్న పెట్టె. గేరుబాక్సు తిరిగేకొద్దీ సెన్సరు పంపే పల్సులను, అంటే చిన్న విద్యుత్ సంకేతాలను, మనం చెప్పిన శాతం మేర తగ్గించి మీటరుకు అందిస్తుంది. తమ్ముడు ముందే తెప్పించి పెట్టుకున్నాడు. ఎంత శాతం పెట్టాలన్నదే గొడవ.

"మొత్తం తేడా తీసేద్దాం అన్నయ్యా. మీటరు కరెక్టుగా ఉండాలనే కదా ఇదంతా?"

"మొత్తం తీసేస్తే వేగం సరిపోతుంది, కిలోమీటర్లు తగ్గిపోతాయి. రెండింటికీ అవే పల్సులు."

స్ప్రాకెట్టు తెచ్చిన తప్పు పల్సుల్లో ఉంది, పెట్టె దాన్ని సరిచేయగలదు. కర్మాగారం పెట్టిన అయిదు శాతం మీటరు వేగం చూపించే తీరులో ఉంది, పల్సుల్లో కాదు. దాన్ని కూడా పల్సులు తగ్గించి తీయబోతే, సరిగ్గా ఉండాల్సిన కిలోమీటర్లు తప్పుతాయి. సర్వీసు వేళ దాటిపోతుంది, అమ్మేటప్పుడు కొనేవాడికి అన్యాయం జరుగుతుంది. కాగితం మీద రెండు మూడు సార్లు లెక్క వేసుకుని, గొణుక్కుంటూ 6.7 శాతం దగ్గర ఒప్పుకున్నాడు. తర్వాత పది రాళ్లకు పది కిలోమీటర్లే తిరిగాయి.

అప్పుడు వెలిగింది వాడికి. లీటరుకు 50 ఇస్తోందని ఇన్నాళ్లూ అందరికీ చెప్పుకున్న మైలేజీ కూడా ఆ ఏడు శాతం మీదే నిలబడి ఉంది. అసలు 47 కన్నా తక్కువే. ఇది మాత్రం ఒప్పుకోనన్నాడు, ట్యాంకు నింపి మళ్లీ చూస్తాడట. చూసుకోనీ. ఇప్పటివరకు ఎక్కువగా తిరిగిన కిలోమీటర్లను వెనక్కి తిప్పవచ్చా అని కూడా అడిగాడు. అది ముట్టుకోవద్దని చెప్పి, స్ప్రాకెట్టు మార్చిన నాటి రీడింగు, ఇవాళ్టి రీడింగు రెండూ సర్వీసు పుస్తకంలో తేదీలతో రాయించాను. నా పుస్తకంలో టైరు చుట్టుకొలత రాసుకున్నాను. కేబులు చివర తొడుగు చిట్లింది, వచ్చే వారం మార్చాలి.